పడుగు తొక్కిన పిల్ల

మొన్న కరీంనగర్‌లో మా మనవరాలి బడివాళ్లు తల్లిదండ్రులను రమ్మని కబురు పెడితే, అల్లుడికి సెలవు దొరక్క, మా అమ్మాయి వెంట నేను వెళ్లాను. పిల్ల కుదురుగా కూర్చోవడం లేదనీ, మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేసి కిటికీ దగ్గరికి పోతోందనీ, తెలివికి మాత్రం ఏ లోటూ లేదనీ చెప్పి, ఆ చిన్నవయసు టీచరమ్మ ఎంతో మర్యాదగా దానికొక పేరు చెప్పింది. ఏడీహెచ్‌డీ అట. డాక్టరుకు చూపించమంది, ముందు వరుసలో కూర్చోబెడతామంది, మధ్యమధ్య లేచి తిరగనిస్తామంది, చేతిలో పిసుక్కోవడానికి మెత్తటి బంతి ఒకటి ఇస్తామంది. మా అమ్మాయి ముఖం పాలిపోయింది. నేను మాత్రం ఒక్కొక్క మాటా వింటూ కుర్చీ అంచుకు జరిగాను, ఎందుకంటే ఆవిడ చెబుతున్నదంతా నా సంగతే, కాకపోతే యాభై ఏళ్ల కిందటిది.

నా ఈడువాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. మన కాలంలో దీనికి పేరు లేదు, వీపు మీదికి బరిగె ఉండేది.

మాది కరీంనగర్ జిల్లాలో ఒక నేతపని ఊరు. మా వాడలో ప్రతి ఇంట్లో ఒక మగ్గం, ప్రతి అరుగు మీద ఒక రాట్నం, తెల్లారింది మొదలు దీపాలు పెట్టేదాకా ఆగని చప్పుడు. అప్పుడప్పుడే కరెంటు మగ్గాలు వస్తున్నాయి, వాటిని మావాళ్లు సాంచాలు అనేవారు. మా బాపు, అంటే మా నాన్న, చేతిమగ్గం వదిలి ఒక ఆసామి షెడ్డులో సాంచాల మీద కూలికి పోతుండేవాడు. ఆ షెడ్డులో గోడ పొడవునా తిరిగే తోలు పట్టాలంటే ఆయనకు మహా భయం, ఎందుకంటే ఒకామె కొంగు ఆ పట్టాలో చిక్కుకోవడం ఆయన కళ్లారా చూశాడు. నేనేమో ఒకచోట నిలిచే పిల్లను కాను, ఎప్పుడు ఏ సందులోంచి ఆ షెడ్డులోకి దూరతానో ఎవరికీ తెలియదు. అందుకే నన్ను బడిలో వేశాడు. చదువు కోసమని అనుకునేరు, బడి అంటే మా బాపు దృష్టిలో పట్టాలు లేని చోటు, అంతే. అంతకుముందు, నాకు బడి ఈడు వచ్చేదాకా, మా అవ్వ, అంటే మా అమ్మ, నూలు కండెలు చుట్టుకునేటప్పుడు పాత చీర ముక్కతో నా కాలిని మగ్గం గుంజకు కట్టేది. నీళ్ల కుండ దాకా పోగలిగేదాన్ని, గడప దాకా పోలేకపోయేదాన్ని. ఆమెను తప్పు పట్టను, మా వాడలో చాలామంది తల్లులు అదే చేసేవారు, పని అట్లాంటిది.

చూశారా, ఎక్కడో మొదలుపెట్టి ఎక్కడికో పోయాను. నా మాట కూడా నా కాళ్లలాంటిదే, ఎవరైనా పట్టుకుని వెనక్కి తేవాలి.

నేను బడిలో చేరిన ఏడాదే తెలంగాణ కోసం గొడవలై చాలారోజులు బడులు మూతపడ్డాయి. పెద్దవాళ్లంతా పిల్లల చదువులు పాడైపోతున్నాయని పరేషాన్ అవుతుంటే నేనొక్కదాన్నే పండుగ చేసుకున్నాను. తిరిగి తెరిచిన నాటి నుంచి అసలు కథ మొదలైంది. బడి ముందు వేలాడదీసిన రైలుపట్టా ముక్క మీద గంట కొట్టగానే అవ్వ కొంగు పట్టుకుని వెనక దాక్కునేదాన్ని. పెద్దసారు గదిలో దూలానికి ఒక ఇనుప కొక్కెం ఉండేది. వెనకటి పంతుళ్ల కాలంలో మాట వినని పిల్లల్ని దానికి తాడు కట్టి వేలాడదీసేవారని పై తరగతి పిల్లలు చెప్పేవారు. మా కాలంలో ఎవరినీ వేలాడదీయలేదు. పెద్దసారు నన్ను పిలిపించి మాట్లాడకుండా ఒకసారి ఆ కొక్కెం వైపు చూసేవారు, అంతే. ఇకనుంచి కదలనని అమ్మవారి మీద ఒట్టు పెట్టుకుని వచ్చి తరగతిలో కూర్చునేదాన్ని. కాసేపటికి చూసుకుంటే కిటికీ దగ్గర నిలబడి ఉండేదాన్ని. ఎప్పుడు లేచానో, ఎట్లా వచ్చానో నాకే తెలిసేది కాదు. నిజం చెబుతున్నాను, నాకు పెద్దసారంటే ఎంత భయమో నా కాళ్లంటే అంతకన్నా ఎక్కువ భయం. ఆయన సాయంత్రానికి ఇంటికి పోయేవారు, కాళ్లు నాతోనే వచ్చేవి.

మా తరగతికి కొత్తగా ఒక సారు వచ్చారు. పెద్దపల్లి దిక్కువారు, వయసు చిన్నది, మాట మెత్తన. ఆయన కుర్చీలో కూర్చోగా ఎవరూ చూడలేదు. పాఠం చెబుతూ గోడ నుంచి గోడకు నడుస్తూనే ఉండేవారు. కొట్టేవారు కాదు గానీ, నాతో ఏం చేయాలో ఆయనకూ తోచేది కాదు. రెండో ఎక్కం చెప్పమని నిలబెడితే నాలుగు మెట్లు ఎక్కి, బయట మేక కనబడితే అక్కడే ఆగిపోయే పిల్లతో ఎవరు మాత్రం ఏం చేస్తారు?

ఇక ఆ రోజు సంగతి. మా వాడలో పడుగు సాపడమంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. మగ్గానికి ఎక్కించాల్సిన నిలువు పోగులన్నీ వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా కర్రల మీద నడుమెత్తున లాగి కట్టి, గంజి పట్టించి, ఎండ ముదరకముందే కుంచెలతో దువ్వి ఆరబెట్టేవారు. అంతసేపూ ఆ వీధి వీధి కాదు, గుడితో సమానం. కోడిని రానివ్వరు, కుక్కను రానివ్వరు. నడక వచ్చిన ప్రతి పిల్లకూ ముందు నేర్పేది, పడుగు కింద నుంచి వంగి పోవాలి గానీ తగలరాదని. తగిలి తెంపితే దాన్నే పడుగు తొక్కడం అనేవారు. ఆ ఉదయం మా చిన్నబాపు, అంటే మా బాపు తమ్ముడు, పడుగు సాపాడు. నేను అవ్వ పెట్టిన జొన్న గట్క తింటూ తింటూ ఎటో చూస్తూ కూర్చున్నాను, ఇంతలో బడి గంట మోగింది. ఆలస్యమైతే పెద్దసారు గది, ఆ గదిలో కొక్కెం. నాకు అంతవరకే గుర్తు. పలక చంకన పెట్టుకుని గడప దాటి ఉరికాను. చల్లగా, తడిగా ఏదో ఛాతీకి తగిలింది, ఫట్‌ఫట్‌మని తెగిన చప్పుడు వినిపించింది, ఆ తరువాత వీధిలో కుంచెలన్నీ ఆగిపోయాయి.

వాళ్లు తిడితే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. మా చిన్నబాపు ముఖం చూసి మా అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గంజి ఆరేలోగా తెగిన పోగులన్నీ అతకాలి, లేకపోతే ఆ పడుగు ఎందుకూ పనికిరాదు. అందుకని చిన్న వేళ్లున్న పిల్లలందరినీ బడి మాన్పించి నిలబెట్టారు, నన్ను కూడా. నేను తెంపినవి నేనే అతకాలని చిన్నబాపు అన్నాడు. ఒక కొస పట్టుకుని, దాని జోడు కొస వెతికి, రెంటినీ వేళ్ల మధ్య మెలిపెట్టి, ఒక అడుగు పక్కకు జరిగి, మళ్లీ ఇంకొకటి. ఆ పనిలో నాకు ఏమైందో చెప్పలేను, భయంతోనే మొదలుపెట్టాను గానీ కాసేపటికి భయం లేదు, మేకలు లేవు, గంట లేదు. పెదవులు వాటంతట అవే ఎక్కాలు చదువుతున్నాయి, రెండో ఎక్కం అయిపోయి మూడో ఎక్కంలోకి పోయాను. సగం తరగతి రాలేదేమని వెతుక్కుంటూ మా సారు వాడలోకి వచ్చి, నా వెనక నిలబడి అదంతా విన్నారట. నాకు తెలియదు. అవ్వ తరువాత చెప్పింది, సారు చాలాసేపు నిలబడి, ఎవరితోనూ ఏమీ అనకుండా వెళ్లిపోయారని.

మధ్యాహ్నానికి పడుగు నిలబడింది. నా పరువు మాత్రం నిలబడలేదు. బాపమ్మ, అంటే మా బాపును కన్నతల్లి, వాడలోని పెద్ద మనుషులందరి ముందూ అరుగు మీద కూర్చుని తీర్పు చెప్పింది. నేతవాళ్లింట పుట్టిన పిల్ల, కళ్లు లేని పిల్లయినా సరే, పడుగు తొక్కదు. తొక్కిందంటే అది పిల్ల పని కాదు.

"గీ పిల్ల తొక్కలే. దీన్ల ఉన్నది తొక్కింది."

ఎవరూ కాదనలేదు. ఆలోచించి చూస్తే ఆమె నా మీద ప్రేమతోనే ఆ మాట అంది, నా తప్పు లేదని చెప్పడానికి ఆమెకు తెలిసిన దారి అదొక్కటే. కానీ ఆ దారి వాగు అవతలి ఊరికి పోతుంది. అక్కడ సురుకలు పెట్టే ముసలాయన ఉండేవాడు. కొలిమిలో కడ్డీ ఎర్రగా కాల్చి ఒంటి మీద అద్దితే లోపలున్న గాలి పోతుందని చుట్టుపక్కల ఊళ్లన్నీ నమ్మేవి. మా మేనత్త కొడుక్కి పసితనంలో కడుపు ఉబ్బితే పెట్టించారు, వాడి పొట్ట మీద నల్లటి మచ్చలు ఉండేవి. వాడు అంగీ ఎత్తి చూపిస్తే మేమంతా వేలితో ముట్టుకుని నవ్వేవాళ్లం. ఆ రోజు నుంచి నాకు ఆ మచ్చలు తప్ప మరొకటి కళ్లముందు ఆగలేదు. రాబోయే అమావాస్యకు తీసుకుపోవాలని నిశ్చయం చేశారు. సురుకలు పెడితే జ్వరం వస్తుంది కాబట్టి కొన్నాళ్లు బడికి పంపలేమని బాపు వెళ్లి పెద్దసారుతో చెప్పి వచ్చాడు. పెద్దసారు మంచిదే అన్నారట.

మా సారు మాత్రం మర్నాడే నా చేతికి ఒక చిక్కునూలు ఉండ ఇచ్చి, కిటికీ పక్కన నిలబడి దాన్ని విప్పుకుంటూ పాఠం వినమన్నారు. మా వాడలో చిక్కునూలుకు కరువా, ఏ ఇంటి ముందు చూసినా కుప్పలే. పిల్లలు నవ్వారు, ఇది బడా, మగ్గం కొట్టమా అని పెద్దసారు గుమ్మంలో నిలబడి అడిగారు, నేను అటూ ఇటూ చూసి ఉండను కింద పారేశాను. మా సారు వంగి తీసి మళ్లీ నా చేతిలో పెట్టారు. నేను కొస వెతికి లాగడం మొదలుపెట్టాను, ఆ పూట ఆయన చెప్పిన పాఠం మొదటి నుంచి చివరి దాకా విన్నాను. జీవితంలో మొదటిసారి ఒక పాఠం నాకు చివరి దాకా అందింది. దాని సంతోషం కూడా నిలవలేదు, అమావాస్య దగ్గరికి వస్తోంది కదా.

అమావాస్యకు ముందురోజు సాయంత్రం సారు మా ఇంటికి వచ్చారు. సారు ఇంటికి రావడమంటే ఆ రోజుల్లో చిన్న విషయమా, అవ్వ మంచం వాల్చింది, ఆయన కూర్చోలేదు. నేను తలుపు వెనక ఉన్నాను. పిల్లకు గాలి లేదు ధూళి లేదు, చేతిలో పని ఉంటే చెవి వింటుంది, నా మాట నమ్మండి అని ఆయన చాలా చెప్పారు. బాపు తల దించుకుని విన్నాడు, బాపమ్మ వినలేదు. అప్పుడు సారు అంగీ గుండీలు విప్పి వెనక్కి తిరిగారు. తలుపు సందులోంచి నాకు ఆయన వీపు కనబడింది. మా మేనత్త కొడుకు పొట్ట మీద ఉన్నటువంటి మచ్చలే, కాకపోతే పెద్దవి, వయసుతో పాటు సాగినవి.

"నాకు పెట్టిండ్రు. నేను గూడ గిట్లనే ఉండేటోన్ని."

మా బాపమ్మ మామూలు మనిషి కాదు, ముందుగా తేరుకున్నది ఆమే.

"పెట్టినందుకే గదా సారువైనవు బిడ్డా."

నా ప్రాణాలు అక్కడే పోయాయనుకున్నాను. సారు గుండీలు పెట్టుకుంటూ మెల్లగా అన్నారు.

"సారునైన అవ్వా. గని కొలిమున్న తొవ్వల పోవాల్నంటే ఇప్పటికి నాకు కాళ్లాడయి, సుట్టు తిరిగి పోత. పెడితే పిల్ల కూసుంటది, కాదంటలేను. భయంతోని కూసుంటది. గా భయం మళ్ల తీసుడు నాకు చాతగాదు."

ఆయన వెళ్లిపోయారు. ఏం చేద్దామని అవ్వ అడిగితే బాపు బీడీ ముట్టించుకుని బయటికి పోయాడు.

అమావాస్యనాడు మా వాడలో మగ్గం ఆడదు. ఆ రోజుల్లో సాంచాలు కూడా ఆపేవారు. ఎప్పుడూ చప్పుడుతో ఉండే వాడ అట్లా మూగబోతే, పెద్దలకు అది సెలవు, నాకు మాత్రం అందరూ ఊపిరి బిగబట్టి నా కోసమే ఎదురు చూస్తున్నట్టనిపించింది. అవ్వ నాకు తలస్నానం చేయించి ఉతికిన గౌను తొడిగింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. బాపమ్మ ఒక గుడ్డలో పసుపు, వేపాకు మూట కట్టి అరుగు మీద పెట్టింది. బాపు నా చేయి పట్టుకుని నడిచాడు. ఆ మూట చేతిలోకి తీసుకున్నాడో లేదో నేను చూడలేదు, చూసే ధైర్యం లేదు. పారిపోవాలని కూడా తోచలేదంటే నమ్మండి, ఎప్పుడూ నిలవని నా కాళ్లు ఆ రోజు ఎంత బుద్ధిగా నడిచాయో చెప్పలేను. వీధి చివర దారి రెండుగా చీలుతుంది, ఎడమకు వాగు, కుడికి బడి. అక్కడికి రాగానే బాపు ఆగిపోయాడు. జేబు తడుముకుని బీడీ తీశాడు, ముట్టించలేదు, అట్లాగే పట్టుకుని వాగు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆయన చేతిలో నా చేయి చెమటతో జారిపోతోంది. గౌను తడిసిపోయింది, అది చెప్పుకోవడానికి నాకిప్పుడు సిగ్గు లేదు. అప్పుడు బడి గంట వినిపించింది. అన్నాళ్లూ ఆ గంటంటే నాకు చచ్చేంత భయం. ఆ ఒక్కరోజు మాత్రం అది ఆగకుండా మోగుతూ ఉండాలని కోరుకున్నాను.

బాపు బీడీని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. వంగి నా గౌను చూశాడు.

"నడు బిడ్డా. గంట కొట్టిండ్రు," అన్నాడు, అని కుడికి తిరిగాడు.

తరువాతి సంగతి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. బాపమ్మ చాలా నెలలు బాపుతో మాట్లాడలేదు. మా సారును కొన్నాళ్లకు ఖానాపూర్ దిక్కు బదిలీ చేశారు. కొత్త సార్లకు నూలు సంగతి తెలియదు, అడిగే ధైర్యం నాకు లేదు, అందుకని గౌను జేబులో, పెద్దయ్యాక ఓణీ చెంగులో చిన్న నూలు ముక్క దాచుకుని, వేళ్లతో మెలిపెడుతూ పాఠాలన్నీ విన్నాను. పది పాసయ్యాను, ట్రైనింగ్ చేశాను, కాగజ్‌నగర్‌లో టీచరునయ్యాను. మిల్లు కార్మికుల పిల్లలు, మరాఠీ కలిసిన తెలుగు మాట్లాడే పిల్లలు, తరగతికి ఒకరిద్దరు నా వంటివాళ్లు తప్పక ఉండేవారు. వాళ్లను నిలబడి చదవనిచ్చాను, పలకలు పంచే పని, నీళ్లు తెచ్చే పని, నల్లబల్ల తుడిచే పని వాళ్లకే ఇచ్చాను. ఇనస్పెక్టరు వస్తున్నారంటే మాత్రం భయపడేదాన్ని, ఈ పిల్ల నిలబడి ఉందేమని అడిగితే ఏం చెప్పాలి, అప్పటికి నాకు ఏడీహెచ్‌డీ అన్న పేరైనా తెలియదే. నాకు తెలిసిందల్లా దారులు చీలిన చోట ఒక పిల్ల చేయి ఎంత చెమట పడుతుందో, అంతే.

తొంభైల్లో ఒకసారి కరీంనగర్ బస్టాండులో మా సారు కనబడ్డారు. బెంచీ ఖాళీగా ఉంది, ఆయన ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తున్నారు, నడక చూసే పోల్చుకున్నాను. జుట్టు నెరిసింది. నేను ఎవరో చెబితే చాలాసేపు చూసి, పడుగు అన్నారు, అవునన్నాను. ఏం ఉద్యోగం, పిల్లలెందరు, ఇవేవీ అడగలేదు. ఆదిలాబాద్ బస్సు వచ్చి ఆగింది, అందరూ ఎక్కుతున్నారు, ఆయన మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగారు.

"ఇంకా భయమైతదా బిడ్డా?"

"అయితది సార్."

"నాకు గూడ," అన్నారు. బస్సు కదిలింది. మళ్లీ ఆయనను చూడలేదు.

ఇప్పుడు మా వాడలో వీధిలో పడుగు సాపేవారు లేరు. బడుల్లో బరిగెలు లేవు, కొక్కేల మాట చెబితే పిల్లలు నమ్మరు. సురుకల ముసలాయన ఎప్పుడో పోయాడు. పేరు లేని దానికి పేరు వచ్చింది, మందు వచ్చింది, ఓపికతో చెప్పే టీచరమ్మలు వచ్చారు. అంతా మంచికే, కాదని ఎట్లా అంటాను. మొన్న బడిలో మా మనవరాలి గురించి నిద్ర అడిగారు, తిండి అడిగారు, ఆటలు అడిగారు. మా సారు అడిగిన ఆ ఒక్క మాటా ఎవరూ అడగలేదు. సరే, నేనే అడుగుదామని, ఇంటికి వచ్చాక దాని పక్కన కూర్చుని, బడిలో భయమవుతుందా అని అడిగాను. అది మంచం మీద ఎగురుతోంది, ఎగరడం ఆపకుండానే నా వైపు వింతగా చూసింది.

"భయమా? ఎవరంటే, అమ్మమ్మా?"

చెప్పడానికి నా దగ్గర చాలామంది ఉన్నారు. ఒక్కరి పేరూ చెప్పలేదు.